మా చెల్కలో పండే ఆముదం ఆయుధాల ఒప్పందం మొదటి పట్టికలో ఎందుకుంది?

చెల్క మనిషి (తిమ్మాజీపేట) | ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాకు మూడున్నర ఎకరాల ఎర్ర చెల్క ఉంది. ఊళ్ళో చాలామంది పత్తికి మారినా, బోరు లేని ఆ ముక్కలో మేము ఇప్పటికీ వానాకాలంలో ఆముదమే వేస్తున్నాం. మా అబ్బాయి గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. నిన్న రాత్రి అరుగు మీద కూర్చుని అంతర్జాతీయ ఒప్పందాల పాఠం పైకి చదువుతుంటే, రసాయనాయుధాల నిషేధ ఒప్పందం మొదటి పట్టికలో సారిన్, మస్టర్డ్ గ్యాస్‌ల సరసన రైసిన్ అనే పేరు వచ్చింది. అది ఆముదపు గింజలో ఉండే విషమని ఆ పుస్తకంలోనే ఉంది. ఎదురుగా కళ్ళంలో ఎండబోసిన గెలలున్నాయి. వాడు నా వైపు చూశాడు, నేను గెలల వైపు చూశాను.

నవ్వుకుని ఊరుకున్నాను గానీ సందేహం మాత్రం పోలేదు. తాతల నాటి నుంచి పండిస్తున్న పంట ఇంత పెద్ద పట్టికలోకి ఎలా వెళ్ళింది? దాన్ని పండించే రైతుకు, కొనే వ్యాపారికి, గానుగ ఆడించే మిల్లుకు ఏమైనా నిబంధనలు వర్తిస్తాయా? మా అవ్వ ఇంట్లో తీసే వంటాముదంలో కూడా ఆ విషం ఉంటుందా? తెలిసిన పెద్దలు కాస్త విడమరిచి చెప్పగలరు.

విశ్రాంత లెక్చరర్ (నల్లగొండ) | ఆదివారం, రాత్రి 10:05

చెల్క మనిషి గారూ, ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక ఈ ప్రశ్నకు కొంచెం పొడుగ్గానే జవాబు రాస్తాను, ఓపిక పట్టండి.

ఈ ఒప్పందం 1993 జనవరి 13న ప్యారిస్‌లో సంతకాలకు వచ్చి, 1997 ఏప్రిల్ 29 నుంచి అమలులో ఉంది. ఇప్పుడు 193 దేశాలు ఇందులో ఉన్నాయి. దీన్ని చూసుకునే సంస్థ నెదర్లాండ్స్‌లోని ది హేగ్‌లో ఉంది, 2013లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నది అదే. ఒప్పందానికి అనుబంధంగా మూడు పట్టికలున్నాయి. వాటిని చూసిన ప్రతివారూ మొదటి పట్టికలో ఉన్నవి ఎక్కువ విషమనీ, మూడో పట్టికలో ఉన్నవి తక్కువ విషమనీ అనుకుంటారు. అది పొరపాటు. ఫాస్జీన్, హైడ్రోజన్ సయనైడ్ మూడో పట్టికలో ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువులకు బలైనవారిలో ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది ఫాస్జీనే. అయినా అది చివరి పట్టికలో ఎందుకుందంటే, ప్లాస్టిక్కులు, ఫోమ్ పరుపులు, పురుగుమందులు తయారుచేసే పరిశ్రమకు అది ఏటా లక్షల టన్నుల్లో కావాలి. కాబట్టి పట్టిక వేసినవారు విషం ఎంత అన్నదానితో పాటు, దీనితో లోకానికి మరే పనైనా ఉందా అన్న ప్రశ్న కూడా అడిగారు. ఆయుధంగా తప్ప దాదాపు ఏ పనికీ రానివి మొదటి పట్టికకు వెళ్ళాయి. కొంత మేరకు పనికొచ్చేవి రెండోదానికి, పరిశ్రమకు విస్తారంగా కావలసినవి మూడోదానికి చేరాయి.

రైసిన్ మొదటి పట్టికలో ఎనిమిదో అంశం. దానికి ముందున్న సాక్సిటాక్సిన్ సముద్రపు ఆల్చిప్పల్లో చేరే విషం. ఆ పట్టికలో జీవుల నుంచి వచ్చే విషాలు ఈ రెండే, తక్కినవన్నీ ప్రయోగశాలలో పుట్టినవే. పట్టికలో ఉన్నది గింజ నుంచి వేరుచేసిన పదార్థం, అంతే. ఆముదపు మొక్క గానీ, గింజ గానీ, నూనె గానీ అందులో లేవు. నూనె తీసేటప్పుడు రైసిన్‌ను ఎవరూ విడిగా తీయరు కాబట్టి ఆముదపు మిల్లులను ఈ పట్టిక కింద ప్రకటించవలసిన కేంద్రాలుగా చూడనక్కరలేదని ఆ సంస్థ శాస్త్ర సలహా మండలి తొలి ఏళ్ళలోనే చెప్పింది. పండించేవారికి, కొనేవారికి, ఆడించేవారికి ఈ ఒప్పందం కింద ఏ లైసెన్సూ అక్కరలేదు.

ఇక అది అక్కడికి ఎందుకు ఎక్కిందంటే, దానికి చరిత్ర ఉంది. 1978 సెప్టెంబరులో లండన్‌లో బస్సు కోసం నడుస్తున్న గియోర్గి మార్కోవ్ అనే బల్గేరియా ప్రవాస రచయిత తొడలోకి గుండుసూది తలంత లోహపు గుళిక దిగింది. నాలుగు రోజుల తరువాత ఆయన చనిపోయారు. గుళికలో ఉన్నది రైసినే అయి ఉంటుందన్న నిర్ణయానికి వచ్చారు. జీవ ఆయుధాలను, జీవ విషాలను నిషేధించే 1972 నాటి ఒప్పందం పరిధిలోకి కూడా ఇది వస్తుంది. అంటే రెండు ఒప్పందాలు కాపలా కాస్తున్న పదార్థం మీ కళ్ళంలో ఎండుతున్న గింజలో నిద్రపోతోంది.

చెల్క మనిషి (తిమ్మాజీపేట) | ఆదివారం, రాత్రి 10:31

సార్, చాలా సంతోషం. చివరి వాక్యం చదివాక మా ఆవిడ ఆ గెలల మీద పట్టా కప్పింది.

వంటాముదం సంగతి మాత్రం చెప్పలేదు. మా అవ్వ గింజలను మట్టి పెంకులో దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దను నీళ్ళలో కలిపి కట్టెల పొయ్యి మీద చాలాసేపు మరగబెడుతుంది. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి ఇంకో గిన్నెలో పోసి, తేమ పోయేదాకా మళ్ళీ కాస్తుంది. చిటపటలు ఆగాయంటే అయినట్టు. అడుగున మిగిలిన పిప్పిని మాత్రం బర్రెకు పెట్టనివ్వదు, కుడితి తొట్టి దగ్గరికి కూడా పోనివ్వదు, గోతిలో వేయించి మట్టి కప్పిస్తుంది. ఎందుకని చిన్నప్పుడు అడిగితే "అది పెట్టేది కాదు" అన్న ఒక్క మాటే చెప్పేది.

విశ్రాంత లెక్చరర్ (నల్లగొండ) | ఆదివారం, రాత్రి 10:58

మీ అవ్వగారు చేసేది అక్షరాలా సరైన పని. రైసిన్ ఒక మాంసకృత్తు. అది నూనెలో కరగదు, నీటివైపూ పిప్పివైపూ ఉండిపోతుంది. పైగా కోడిగుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడినట్టు, వేడికి మాంసకృత్తుల రూపం చెడి పనిచేయకుండా పోతాయి. వేయించడం ఒకసారి, మరగబెట్టడం ఒకసారి, కాయడం మరొకసారి అయ్యాక నూనెలో దాని భయం ఉండదు. పిప్పి అంతటా వేడి సమానంగా తగిలిందో లేదో ఇంట్లో ఎవరూ చెప్పలేరు కాబట్టి దాన్ని పశువుకు పెట్టకపోవడమే మంచిది. మిల్లు నుంచి వచ్చే ఆముదపు చెక్కను ఎరువుగా వాడడానికీ, దాణాగా వాడకపోవడానికీ కారణం అదే.

ల్యాబ్‌కోటు (చౌటుప్పల్) | సోమవారం, ఉదయం 6:50

రాత్రి షిఫ్టు దిగి వచ్చి చదివాను. ఆముదం నుంచి కొంచెం పక్కకు తీసుకుపోతున్నందుకు క్షమించాలి గానీ, ఈ ఒప్పందం మన జిల్లాల్లో రోజూ తాకే చోటు చెల్క కంటే ఫార్మా కంపెనీయే. నేను పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను.

మందుల తయారీలో థయోనిల్ క్లోరైడ్ అనేది బాగా వాడతాం. అది మూడో పట్టికలో ఉంది. డ్రమ్ము బిరడా తిప్పగానే గాలిలోని తేమ తగిలి తెల్లటి పొగ లేస్తుంది. ముక్కుకు తగిలితే ముందు గంధకం ఘాటు, వెంటనే యాసిడ్ మంట. మాస్కు సరిగా బిగించుకోకుండా ఒకసారి బిరడా తిప్పిన కొత్త కుర్రాడు మళ్ళీ ఆ తప్పు చేయడు. ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ కూడా అదే పట్టికలోది, అదీ మందులకు కావలసిందే. ఇంకా వింత ఏమిటంటే ట్రైఇథనాలమీన్ కూడా అందులోనే ఉంది. షాంపూలు, ముఖానికి రాసుకునే క్రీములు, సిమెంటు క్లింకర్‌ను మెత్తగా నూరడానికి కలిపే ద్రవాలు, అన్నిటిలోనూ అదే. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. రెండో పట్టికలోని థయోడైగ్లైకాల్‌ను బాల్‌పెన్ సిరాలో, బట్టల అద్దకంలో వాడతారు.

ఇన్ని చోట్ల ఉన్నవాటిని నిషేధిస్తే బతుకు సాగదు కాబట్టి ఒప్పందం లెక్క అడుగుతుంది. రెండో పట్టిక రసాయనాలైతే తయారుచేసినవారు, వాడినవారు కూడా పరిమితి దాటితే ఏటా ప్రకటించాలి. మూడో పట్టికవి ఒక కేంద్రంలో ఏడాదికి 30 టన్నులు మించి తయారైతే ప్రకటించాలి. లెక్క ఢిల్లీలో కేబినెట్ సచివాలయం కింద ఉన్న జాతీయ ప్రాధికార సంస్థకు చేరుతుంది, అక్కడి నుంచి ది హేగ్‌కు పోతుంది. మన పార్లమెంటు 2000లో చేసిన చట్టం 2005 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తరువాత ఇది కాగితం మీది మర్యాదగా మిగలలేదు, తప్పితే శిక్ష ఉంటుంది.

మా యూనిట్ ప్రకటన పంపుతుంది. థయోనిల్ క్లోరైడ్ వాడుతున్నాం కనుకే పంపుతున్నామని నా అభిప్రాయం.

డ్యూటీ డాక్టర్ (దేవరకొండ) | సోమవారం, మధ్యాహ్నం 2:15

రైసిన్ గురించి వైద్యపరంగా రెండు మాటలు చెప్పి, అసలు చెప్పాలనుకున్న దానికి వస్తాను. రైసిన్ కణంలో మాంసకృత్తుల తయారీని ఆపేస్తుంది. దానికి విరుగుడు లేదు, లక్షణాలను బట్టి నిలబెట్టుకుంటూ పోవడమే వైద్యం. పిల్లలు ఆముదపు గింజలు ఏరుకుని నోట్లో వేసుకోవడం మన ఊళ్ళలో జరిగేదే. గట్టి పెంకు ఉన్న గింజ నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది, నమిలితే ప్రమాదం. ఏది జరిగిందో పిల్లవాడి మాట మీద తేల్చుకోవద్దు, ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నమూ చేయవద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకురండి.

నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. మొదటి పట్టిక మొదట్లోనే ఉన్న సారిన్, టాబున్ అనే నరాల విషవాయువుల బంధువులను నేను వానాకాలం సీజనంతా చూస్తూనే ఉంటాను. జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే శాస్త్రవేత్త 1936లో పంటల పురుగుల మందు కోసం వెతుకుతూ టాబున్‌ను కనుగొన్నాడు. ఆ కుటుంబంలో మనుషులకు మరీ ప్రమాదకరమైనవి సైన్యానికి పోయాయి, కొంత నెమ్మదైనవి పొలానికి వచ్చాయి. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటివి ఆ రెండో తెగవి. శరీరంలో పని జరిగే తీరు మాత్రం ఒకటే. నరానికి, కండరానికి మధ్య కబురు అందించే ఎసిటైల్‌కోలీన్‌ను ఎప్పటికప్పుడు తుడిచిపెట్టే ఎంజైమును ఇవి కట్టిపడేస్తాయి. కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది.

రెండేళ్ళ కింద పత్తికి మందు కొట్టిన ఒక రైతును ఆటోలో తెచ్చారు. తైవాన్ పంపు నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదాడట. చొక్కా వీపు భాగమంతా మందుతో తడిసి ఉంది. కంటిపాపలు గుండుసూది మొనంత అయ్యాయి, నోట్లోంచి నీళ్ళు కారుతున్నాయి, ఒళ్ళంతా చెమట, తొడ కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతున్నాయి. ఇదే చిత్రాన్ని 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో ఓమ్ షిన్రిక్యో అనే మతముఠా సారిన్ వదిలినప్పుడు అక్కడి వైద్యులు చూశారు. ఆసుపత్రులకు వెళ్ళినవారు ఐదు వేలకు పైనే. మందు కూడా అదే, అట్రోపిన్, దానితోపాటు మేము పామ్ ఇంజక్షన్ అని పిలిచే ప్రాలిడాక్సిమ్. టోక్యోలో రోగుల బట్టల నుంచి లేచిన ఆవిరికి వైద్య సిబ్బంది కూడా జబ్బుపడ్డారు. అందుకే ఆ రోజు నేను మా సిస్టర్‌తో మొదట చెప్పింది సూది మాట కాదు, చొక్కా కత్తిరించి సంచిలో కట్టి, సబ్బునీళ్ళతో ఒళ్ళంతా కడగమని. ఆయన ఆరో రోజు నడిచి ఇంటికి వెళ్ళాడు.

ఈ పురుగుమందులు ఆయుధాల ఒప్పందం పట్టికల్లో లేవు. మోనోక్రోటోఫాస్ మాత్రం రాటర్‌డ్యామ్ ఒప్పందం జాబితాలో ఉంది. దాన్ని ఒక దేశం ఇంకో దేశానికి పంపాలంటే దిగుమతి చేసుకునే దేశపు సమ్మతి ముందే తెలిసి ఉండాలి.

పోటీ పరీక్ష (వనపర్తి) | సోమవారం, సాయంత్రం 5:40

డాక్టరమ్మా, లెక్చరర్ సార్, నాకు రెండు సందేహాలు. సారిన్‌లో ఫ్లోరిన్ ఉంటుందని చదివాను. మన నల్లగొండ నీళ్ళలోనూ ఫ్లోరైడే కదా, రెంటికీ సంబంధం ఉందా? రెండోది, యుద్ధంలో మొట్టమొదట పెద్దఎత్తున వాడింది క్లోరిన్ అంటారు, అది మూడు పట్టికల్లో ఎక్కడా లేదు. మరిచిపోయారా?

విశ్రాంత లెక్చరర్ (నల్లగొండ) | సోమవారం, రాత్రి 9:20

మొదటిదానికి జవాబు చిన్నది. సంబంధం లేదు. మన నీళ్ళలోని ఫ్లోరైడ్ గ్రానైటు రాళ్ళలోంచి కరిగి వచ్చిన లవణం, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలను వంచుతుంది. సారిన్‌లోని ఫ్లోరిన్ మరో అణువులో ఇమిడిన భాగం. వంటింటి ఉప్పులో క్లోరిన్ ఉందని ఉప్పుకు భయపడం కదా. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో వంగిన కాళ్ళను దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి, ఆ బాధను ఇంకో భయంతో కలపవద్దని మాత్రం కోరుతున్నాను.

రెండోది మంచి ప్రశ్న, ఈ ఒప్పందానికి గుండెకాయ అక్కడే ఉంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం వేలాది సిలిండర్లు తెరిచి క్లోరిన్‌ను గాలివాటున శత్రు కందకాల మీదికి వదిలింది. దగ్గరుండి నడిపించిన ఫ్రిట్జ్ హేబర్‌కే, గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చినందుకు తరువాత 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. మన పొలాల్లో చల్లే యూరియాకు మూలం ఆయన పద్ధతే. (తరగతిలో ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు కాసేపు మాట్లాడేవారు కాదు.)

క్లోరిన్‌ను మరిచిపోలేదు. ఒప్పందంలోని మొదటి, రెండవ నిబంధనల్లో అసలు నిషేధం ఉంది, పట్టికలు తనిఖీ కోసం వేసుకున్న చిట్టాలు. ఏ విష రసాయనమైనా, పట్టికలో ఉన్నా లేకపోయినా, ఒప్పందం అనుమతించని పనికి ఉద్దేశించి చేసినా, దాచినా, వాడినా అది రసాయనాయుధమే. వ్యవసాయం, పరిశ్రమ, వైద్యం, పరిశోధన, రక్షణ పరికరాల పరీక్ష వంటివి అనుమతి ఉన్న పనులు. అందులోనూ రకం, పరిమాణం ఆ పనికి తగినట్టు ఉండాలి. నల్లగొండ నీళ్ళ ట్యాంకు దగ్గర గొలుసు కట్టి నిలబెట్టిన క్లోరిన్ సిలిండరు నీళ్ళ శుద్ధి సరంజామా. అదే సిలిండరును హెలికాప్టర్ నుంచి ఊరి మీద పడేస్తే ఆయుధం. సిరియాలో సరిగ్గా ఇదే జరిగిందని ది హేగ్ సంస్థ దర్యాప్తు బృందాలు తేల్చాయి. అణువు మారలేదు, పట్టుకున్న చెయ్యి మారింది.

బావి గట్టు (చిట్యాల దిక్కు) | సోమవారం, రాత్రి 11:45

పెద్దలందరికీ నమస్కారం. చదువుతుంటే జ్ఞానం బాగానే ఉంది గానీ నాకు కడుపు మండుతోంది. మా ఊరికి కిలోమీటరున్నర దూరంలో ఒక రసాయన కంపెనీ ఉంది. పేరు రాయను. మూడేళ్ళ కింద కార్తీకంలో ఒక రాత్రి రెండింటికి కుళ్ళిన కోడిగుడ్ల వాసనతో లేచాం. కళ్ళు మండుతున్నాయి. మా అమ్మకు ఆయాసం, తడి తువ్వాలు ముక్కుకు కట్టి స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని హైవే దాకా పోయాను. తెల్లారాక గేటు దగ్గరికి పోతే లోపల ఏమీ కాలేదన్నారు. ఆ ఏడాది మా బావి నీళ్ళ మీద నూనె తెట్టు కట్టింది. ది హేగ్ నుంచి వచ్చి డ్రమ్ములు లెక్కపెట్టే ఒప్పందం మా అమ్మ ఊపిరిని ఎందుకు లెక్కపెట్టదు? భోపాల్‌లో వేల మంది పోయారు, అది ఆయుధం కాదా?

ల్యాబ్‌కోటు (చౌటుప్పల్) | మంగళవారం, ఉదయం 7:30

అన్నా, ఆ పనిలోనే ఉన్నవాణ్ణి కాబట్టి మీ మాట నాకు గుచ్చుకుంది. మీ కోపంలో తప్పు లేదు. కానీ ఈ ఒప్పందం దగ్గర దాని సమాధానం దొరకదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో బయటపడ్డ మిథైల్ ఐసోసయనేట్ ఈ మూడు పట్టికల్లో లేదు. దాన్ని తయారుచేయడానికి అక్కడ వాడిన ఫాస్జీన్ మాత్రం ఉంది. చంపాలన్న ఉద్దేశంతో వాడితేనే ఈ ఒప్పందం. నిర్లక్ష్యంతో చంపితే వేరే చట్టాలు. భోపాల్ తరువాతనే మన దేశంలో 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ నియమాలు వచ్చాయి. ఆ నియమాల ప్రకారం పెద్ద నిల్వలున్న కంపెనీ, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల ఊళ్ళకు ముందే తెలియజేయాలి. మీ ఊళ్ళో ఎవరికైనా అలాంటి కాగితం అందిందా? అందకపోతే, పంచాయతీ తీర్మానంతో దాన్ని రాతపూర్వకంగా అడగండి. మళ్ళీ వాసన వస్తే టైము, గాలి దిశ, ఎవరెవరికి ఏమైందో ఆ రాత్రే రాసి పెట్టుకోండి. ఇంకో మాట, తడి తువ్వాలు కొన్నిటికే పనిచేస్తుంది, గాలికి అడ్డంగా పక్కకు పోవడం అన్నిటికీ పనిచేస్తుంది.

బావి గట్టు (చిట్యాల దిక్కు) | మంగళవారం, ఉదయం 9:05

కాగితం ఎవరికీ అందలేదు. అడుగుతాం. అయినా నా ప్రశ్న నాదే. ఉద్దేశం లేకపోతే ఊపిరితిత్తులకు తేడా తెలుస్తుందా?

పాత జవాను (సూర్యాపేట) | మంగళవారం, సాయంత్రం 6:10

నేను ఇరవై రెండేళ్ళు సైన్యంలో ఉండి వచ్చాను. బొగ్గు పొర కుట్టిన దుస్తులు, ముఖానికి మాస్కు వేసుకుని ఎండలో పరుగెత్తే శిక్షణ పొందాను. లోపల చెమట బూట్లలోకి కారేది.

ఒప్పందం నిజాయితీ గురించి ఒకటి రాయాలి. 1992 ఆగస్టులో భారత్, పాకిస్తాన్ కలిసి తమ దగ్గర రసాయనాయుధాలు లేవన్న అర్థంలో ప్రకటన చేశాయి. 1997లో ఒప్పందం అమలులోకి రాగానే మన దేశం తన దగ్గర నిల్వ ఉందని ప్రకటించింది, 1,044 టన్నుల సల్ఫర్ మస్టర్డ్. చాలామంది దీన్ని దాచిపెట్టాలని చూస్తారు, నేను మాత్రం ఒప్పుకుని ధ్వంసం చేయడాన్నే గౌరవిస్తాను. అంతర్జాతీయ తనిఖీదారుల కళ్ళ ముందు 2009 మార్చికల్లా మొత్తం ధ్వంసమైంది. అల్బేనియా, దక్షిణ కొరియా తరువాత ఆ పని ముగించిన మూడో దేశం మనది. రష్యా 2017లో, అమెరికా 2023 జులైలో ముగించాయి. చివరి గడువు 2012 అయినా పెద్ద దేశాలు దాటేశాయి. ప్రపంచమంతా కలిపి ప్రకటించిన 72,304 టన్నులూ ఆ రోజుతో పోయాయి. ఈజిప్టు, ఉత్తర కొరియా, దక్షిణ సూడాన్ ఇప్పటికీ ఒప్పందం బయటే ఉన్నాయి, ఇజ్రాయెల్ సంతకం చేసి ఆమోదించలేదు.

మస్టర్డ్ అన్నారని ఆవాలతో సంబంధం ఏమీ లేదు, ఘాటైన వాసనను బట్టి వచ్చిన పేరు. ఒంటికి తగిలిన వెంటనే నొప్పి ఉండదు, గంటల తరువాత బొబ్బలు లేస్తాయి.

ఒక సందేహం. ఉద్యమ రోజుల్లో హైదరాబాద్‌లో ఒక ఊరేగింపులో బాష్పవాయువు గోళం నా కాళ్ళ దగ్గర పడింది. అది రసాయనం కాదా?

విశ్రాంత లెక్చరర్ (నల్లగొండ) | మంగళవారం, రాత్రి 8:45

రసాయనమే, ఒప్పందంలో దానికి వింతైన స్థానం ఉంది. కొద్దిసేపు కళ్ళు మండించి పోయే ఈ రకాన్ని దేశంలోపల శాంతిభద్రతల కోసం వాడవచ్చు, యుద్ధ పద్ధతిగా వాడకూడదు. ఏ రకం నిల్వ ఉంచుకున్నారో ప్రతి దేశం ప్రకటించాలి. శత్రు సైనికుడి మీద వేయకూడనిది సొంత పౌరుడి మీద వేయవచ్చన్నమాట. యుద్ధరంగంలో పొగ చూసిన సైన్యం అది బాష్పవాయువా సారినా అని ఆగి పరీక్షించదు, అంతకంటే ఘోరమైన దానితో బదులిస్తుంది, అందుకే ఈ నియమం అంటారు. తర్కం ఉంది. నాకు మింగుడు పడదు.

బావి గట్టు గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఊపిరితిత్తులకు తేడా తెలియదు.

నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 9:30

లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గురించి వచ్చిన నాలుగు సందేశాలను వేరే చర్చకు తరలించాను. అది అణు ఒప్పందాల విషయం, ఇక్కడ రసాయనాల గురించే కొనసాగించండి.

ల్యాబ్‌కోటు (చౌటుప్పల్) | బుధవారం, సాయంత్రం 7:15

సోమవారం నేను రాసినదాంట్లో తప్పు ఉంది, సరిదిద్దుకుంటున్నాను. మా దగ్గర ఈ కాగితాలు చూసే సీనియర్‌ను అడిగాను. మూడో పట్టిక రసాయనాన్ని కొని వాడినంత మాత్రాన ప్రకటన అక్కరలేదట, తయారుచేస్తేనే. మేము థయోనిల్ క్లోరైడ్ తయారుచేయం, డ్రమ్ముల్లో కొంటాం. మా యూనిట్ ప్రకటన పంపేది వేరే కారణానికి. పట్టికల్లో లేని సేంద్రియ రసాయనాలను కూడా ఒక కేంద్రం ఏడాదికి 200 టన్నులు మించి తయారుచేస్తే, అందులో భాస్వరం, గంధకం, ఫ్లోరిన్ ఉన్న రసాయనమైతే ఒక్కొక్క విభాగంలో 30 టన్నులు మించితే, ఇతర రసాయన కేంద్రాలు అన్న పేరుతో ప్రకటించాలి. ఈ రోజు రియాక్టరులో తలనొప్పి మాత్రకు కావలసింది వండేవాడు రేపు అదే రియాక్టరులో ఇంకేదైనా వండగలడన్నదే ఆ ఆలోచన. తనిఖీకి వచ్చేముందు 120 గంటల నోటీసు ఇస్తారు, వచ్చాక 24 గంటల్లో ముగించాలి. రెండో పట్టిక కేంద్రమైతే 48 గంటల నోటీసే.

షాంపూ సంగతి కూడా ఆయనే చెప్పారు. మూడో పట్టిక రసాయనం మిశ్రమంలో 30 శాతం లోపు ఉంటే లెక్కలోకి రాదు. కాబట్టి స్నానాల గదులకు తనిఖీదారులు రారు.

చెల్క మనిషి (తిమ్మాజీపేట) | గురువారం, ఉదయం 6:20

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ మొత్తం మా అబ్బాయి నోట్సులో ఎక్కించుకున్నాడు. బావి గట్టు అన్నా, ఆ కాగితం కోసం అడిగినప్పుడు ఏమన్నారో ఇక్కడ తప్పక రాయండి.

నిన్న పాలెం పరిశోధన కేంద్రానికి విత్తనం సంగతి కనుక్కోవడానికి పోయాను. పోయిన ఏడాది బూజు తెగులుకు సగం గెలలు పోయాయి, అంతకు ముందు దాసరి పురుగు ఆకు మిగల్చలేదు. ఈసారి తట్టుకునే రకం వేయాలని ఉంది. వచ్చేటప్పుడు చెరువు కట్ట కింది తోటకు రెండు బస్తాల ఆముదపు చెక్క కొన్నాను. దుకాణాయన బస్తా విప్పి చేత్తో పిసికి చూడమన్నాడు. గుడ్డ కట్టుకుని చూస్తానన్నాను, నవ్వాడు. ఇంటికి తెచ్చి పశువుల కొట్టంలో వేయబోతుంటే అవ్వ గడప మీద నుంచే కేకేసింది. బస్తాలు ఇప్పుడు ట్రాక్టరు షెడ్డులో, ఎత్తైన బల్ల మీద ఉన్నాయి.